పెట్టె విప్పకపోతే బొమ్మ భద్రమా?

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఫిగర్లు (కీళ్లు కదిలే పాత్రల బొమ్మలు) సేకరించే పెద్దవాళ్ల మీద వచ్చిన వ్యాసంలో రెండు మాటలున్నాయి. ఒకటి, ఇది బాల్యం వదలనివాళ్ల సరదా అని. సరే, అలాగే అనుకోండి. తపాలా బిళ్లలు దాచుకునేవాణ్ణి పెద్దయ్యాక పోస్ట్‌మన్ అవుతావా అని ఎవరూ అడగరు గానీ, ఆ గొడవ ఇక్కడొద్దు. రెండోదాన్ని మాత్రం వదిలేయలేం. పెట్టె విప్పకుండా బీరువాలో పెడితే చాలు, బొమ్మ చెడదు, ఏటికేడు ధర పెరుగుతుందని రాశారు. ఆ మాట నమ్మి డబ్బు పోసేవాళ్లు ఉంటారు. పదేళ్లకు పెట్టె విప్పి చూసుకుని తల పట్టుకునేదీ వాళ్లే.

ముందు ధర సంగతి. 'యాక్షన్ ఫిగర్' అన్న పేరే అమ్మకం కోసం పుట్టింది. 1964లో హాస్‌బ్రో కంపెనీ 12 అంగుళాల సైనికుడి బొమ్మ జి.ఐ. జోను తెచ్చినప్పుడు, 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని ఈ పేరు వాడింది. అసలు మలుపు 1978లో వచ్చింది. కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మల ఎత్తును 3¾ అంగుళాలకు కుదించింది. ఆ ఎత్తులోనైతే అంతరిక్ష నౌకలు కూడా ఇంట్లో పట్టే సైజులో చేయొచ్చు. సినిమా 1977 మేలో వచ్చినా ఆ ఏడాది క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. కెన్నర్ చేసిన పనేమిటంటే, అట్టతో చేసిన కవరును, లోపల ఒక సర్టిఫికెట్ పెట్టి అమ్మింది. ఆ కాగితం పంపినవాళ్లకు 1978లో నాలుగు బొమ్మలు తపాలాలో వచ్చాయి. మనిషి ఆకారంలో ఉన్నవాటికి మెడ, రెండు భుజాలు, రెండు తొడలు కలిపి 5 కీళ్లు, అంతే. పిల్లలు వాటితో మట్టిలో ఆడారు, గోరంత తుపాకులు పోగొట్టారు, అట్టలు చించి పారేశారు. మిగిలినవి కొద్ది కాబట్టే ఇప్పుడు అంత గిరాకీ.

1995లో హాస్‌బ్రో గొడుగు కింద అదే సైజు స్టార్ వార్స్ బొమ్మలు మళ్లీ వచ్చినప్పుడు, ఈ కథ తెలిసిన పెద్దవాళ్లు డబ్బాలకు డబ్బాలు కొని విప్పకుండా అటకెక్కించారు. ఇవాళ అవి సీలు తీయకుండానే కుప్పలుగా దొరుకుతాయి, కొనేవాళ్లే తక్కువ. అందరూ దాచింది అరుదెలా అవుతుంది? ఈ ఒక్క పోలిక మీ వ్యాసంలో ఉండి ఉంటే చాలామంది డబ్బు మిగిలేది.

ఇక సీలు వేసిన పెట్టె లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత అచ్చంగా దీనికోసమే పుట్టినట్టుంటుంది.

బొమ్మలో సాధారణంగా రెండు రకాల ప్లాస్టిక్ ఉంటుంది. మొండెం, కవచం, కీళ్ల గూళ్లు గట్టి ఏబీఎస్‌తోనూ, తల, చేతులు, కేప్ (భుజాల మీంచి వేలాడే వస్త్రం), బెల్టు మెత్తని పీవీసీతోనూ చేస్తారు. పీవీసీ తనంతట తాను మెత్తగా ఉండదు. ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలిపితేనే మెత్తబడుతుంది. అది కాలక్రమేణా పైకి ఊరుతుంది, వేడిగా ఉంటే మరీ త్వరగా. గాలాడే చోట మెల్లగా ఎగిరిపోతుంది. మూసిన పెట్టెలో ఎగిరే దారి లేక పైపొర మీదే జిగటగా నిలుస్తుంది. కొత్త బొమ్మ విప్పగానే తేనె రాసినట్టు వేళ్లకు అంటుకోవడానికి కారణం ఇదే. అలాగని ఏళ్ల తరబడి ఆరుబయట పెట్టడమూ మంచిది కాదు. ప్లాస్టిసైజర్ పూర్తిగా పోతే పీవీసీ గట్టిపడి, కుంచించుకుని, చివరికి పగులుతుంది. చల్లగా, నీడలో, కొద్దిగా గాలి తిరిగే గాజు అర మధ్యేమార్గం.

ఇంకా పెద్ద ప్రమాదం, మెత్తని పీవీసీ గట్టి ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉండడం. ఊరిన ప్లాస్టిసైజర్ పక్కనున్న ఏబీఎస్‌లోకో పాలిస్టైరిన్‌లోకో దిగి దాన్ని మెత్తబరుస్తుంది. వీపుకు ఆనించి కట్టిన కేబుల్, కాలికి చుట్టిన బెల్టు తీసి చూస్తే కింద కరిగిన గీత కనిపిస్తుంది. ఆ గీత మళ్లీ పోదు. కొందరు తయారీదారులు మధ్యలో పల్చటి పారదర్శక కాగితం చుట్టి పంపేది దీనికే. విప్పగానే దాన్ని చెత్తబుట్టలో వేయకండి. మళ్లీ సర్దేటప్పుడు అదే కావాలి.

12 అంగుళాల ఖరీదైన బొమ్మలు కొనేవాళ్లకు తోలు కోటు గండం ఉంది. ఆ సైజులో అసలు తోలు వాడడం అరుదు, చాలావరకు గుడ్డ మీద పాలియురేథేన్ పూత. గాలిలోని తేమే ఆ పూతను విడగొడుతుంది. 5 నుంచి 10 ఏళ్లలో పొట్టు రాలడం మొదలవుతుంది, ముందు మోచేతి మడతలోనే. సీలు వేసిన పెట్టెలో కూడా తేమ ఉంటుంది, పైగా కోటు ఏళ్ల తరబడి మడత మీదే ఉంటుంది. అసలు తోలుకు రాసే నూనెలు దీనికి రాస్తే లాభం లేదు. చేతులు చాచి నిలబెట్టడం, గదిలో సాపేక్ష తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచడం, ఇవే ఆయుష్షు పెంచేవి. తేమను కొలిచే చిన్న మీటరు అరలోనే పెట్టండి. గది ఇంకో మూల చూపించే అంకె మీ అరకు పనికిరాదు. సిలికా జెల్ పొట్లాలు పెడితే అవి నిండిపోయాక ఎండబెట్టాలి. పెట్టి మరిచిపోయిన పొట్లం ఉన్నా లేనట్టే.

తర్వాతి గండం బ్యాటరీ. కళ్లు వెలిగే రోబో, మోగే హెల్మెట్ దుకాణంలో నొక్కి చూడటానికి వీలుగా బటన్ సెల్స్ వేసే వస్తాయి, ఎక్కువగా ఎల్ఆర్41, ఎల్ఆర్44. విప్పని పెట్టెలో అవి కారిపోతాయి. ఆల్కలైన్ సెల్ నుంచి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. అది స్ప్రింగును, తీగను తినేస్తుంది. బొమ్మ ఇంటికి వచ్చిన రోజే సెల్స్ తీసి వేరే పొట్లంలో పెట్టడం తప్ప దీనికి మందు లేదు. ఇప్పటికే తెల్లని పొడి పట్టి ఉంటే చేతికి తొడుగు వేసుకుని, ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో ముంచి పొంగు ఆగేదాకా తుడవాలి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బడ్‌తో తుడిచి ఒక రోజు ఆరబెట్టాలి. ఆల్కహాల్ లోహపు కొనల వరకే. రంగు వేసిన చోట తగిలితే రంగు ఊడుతుంది.

వాహనాలుగా మారే రోబో బొమ్మల సేకర్తలకు 'గోల్డ్ ప్లాస్టిక్' జబ్బు కొత్త కాదు. 1980ల చివరి నుంచి కొన్ని బొమ్మల్లో బంగారు, వెండి తళుకు పొడి కలిపిన ప్లాస్టిక్ వాడారు. ఆ మిశ్రమం లోలోపలే పెళుసుబారుతుంది. ఇరవై ఏళ్లు సీలు వేసి ఉన్న రోబోను మొదటిసారి తిప్పగానే భుజం బిస్కెట్‌లా విరిగిన సందర్భాలు సేకర్తల లోకంలో కోకొల్లలు. ఎండ తగల్లేదు, ఎవరూ ముట్టలేదు, అయినా విరిగింది. కొనే ముందు ఆ మోడల్‌లో సుడులు తిరిగిన మెరుపు ప్లాస్టిక్ ఉందేమో, అది బరువు మోసే కీలులో ఉందేమో చూసుకోవాలి. అలంకారానికి మాత్రమే ఉంటే భయం తక్కువ.

అట్ట కూడా ఊరికే ఉండదు. కాగితంలోని ఆమ్లం వల్ల పసుపెక్కుతుంది, ప్లాస్టిక్ బుడగ అంటించిన జిగురు ఎండి లేస్తుంది. గట్టి యాక్రిలిక్ కేసులో పెట్టి, 100కి ఇన్ని మార్కులని అంకె వేసి ఇచ్చే గ్రేడింగ్ సంస్థలున్నాయి. ఆ అంకె మార్కు వేసిన రోజు పరిస్థితికే. కేసులో ఉన్నా కాలం ఆగదు.

కాబట్టి ఆడుకోవడానికో, చూసుకోవడానికో కొన్నవాళ్లు నిశ్చింతగా విప్పండి. విప్పాక చేయాల్సిన పనులు కొన్ని.

కొత్త బొమ్మ కీలును చల్లగా ఉన్నప్పుడు బలంగా తిప్పడం అన్నింటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. గూటికీ, అందులో తిరిగే మొలకీ (మేకులాంటి కడ్డీకీ) మధ్య రంగు అంటుకుని ఉంటుంది, తిప్పితే మొల విరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌ను అర అడుగు దూరంలో పట్టి 30 సెకన్లు వెచ్చబెట్టి, తర్వాత మెల్లగా అటూ ఇటూ కదపండి. ఇంకా రాకపోతే ఒకే ఒక్క చుక్క సిలికాన్ నూనె. తలుపు బందులకు వాడే పెట్రోలియం నూనె వద్దు. అది ఏబీఎస్‌లో, పారదర్శక ప్లాస్టిక్ మొలల్లో వెంట్రుకవాసి పగుళ్లు తెస్తుంది. కీలు ఆ రోజుకు హాయిగా తిరుగుతుంది, కొన్నాళ్లకు తెగిపోతుంది.

వంగిపోయిన కత్తి, ఒరిగిన కాలు పీవీసీవైతే వేడినీళ్లతో సరిచేయొచ్చు. 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం ఉంచి, నిటారుగా పట్టుకుని వెంటనే చల్లటి నీళ్లలో ఒక నిమిషం ముంచాలి. చల్లటి నీళ్ల ఘట్టం దాటేస్తే చల్లారేలోగా పాత వంపుకే పోతుంది. మరిగే నీళ్లు పోయకండి, రంగు బుడగలెత్తుతుంది, జిగురు వదులుతుంది. గుడ్డ, స్టిక్కర్, తీగలు ఉన్న భాగాలను నీళ్లలో పెట్టనే వద్దు.

వదులైన కీలు వేరే తలనొప్పి. పారదర్శక యాక్రిలిక్ ఫ్లోర్ పాలిష్ ఒకటి రెండు చుక్కలు గూట్లో వేసి 24 గంటలు ఆరనిస్తే పల్చటి పొర ఏర్పడి బిగుస్తుంది. చాలకపోతే మరో పూత. సూపర్ గ్లూతో చేసేవాళ్లూ ఉన్నారు. మొలకు పల్చగా పూసి, పూర్తిగా గట్టిపడేదాకా విడిగానే ఉంచి, అప్పుడు గూట్లో దించాలి. ఆదరాబాదరాగా దించితే కీలు కాస్తా అతుకైపోతుంది. నల్లని, పారదర్శక భాగాల దగ్గర ఆ జిగురు ఆవిరి తెల్లని మచ్చగా పేరుకుంటుంది కూడా. కటకటమని మెట్లుగా తిరిగే కీళ్లకు ఈ రెండూ పనిచేయవు. అక్కడ అరిగేది లోపలి పళ్లు.

1982 నుంచి వచ్చిన 3¾ అంగుళాల జి.ఐ. జో బొమ్మ నడుము దగ్గర రెండు ముక్కలైతే కంగారు పడొద్దు. లోపలి రబ్బరు ఓ-రింగ్ తెగిందంతే. వీపు మీద ఒకే స్క్రూ ఉంటుంది. సరిపోయే స్క్రూడ్రైవర్‌తో విప్పి, కొత్త రింగును కాళ్ల మధ్యనున్న లోహపు కొక్కేనికి తగిలించి, రెండో కొసను స్క్రూ దిగే గొట్టానికి వేసి మూసేయాలి. స్క్రూను పిండినట్టు బిగిస్తే వీపు పగులుతుంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్ చాలు. జిగట కూడా దీంతోనే పోతుంది, ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ వస్తే మళ్లీ కడగాలి. మోకాళ్లలో ఇనుప పిన్నులు ఉంటే నీళ్లు నిలిచి తుప్పు పడతాయి, కాబట్టి తలకిందులుగా పెట్టి ఒక రోజు ఆరబెట్టాలి. అసిటోన్ ఏబీఎస్‌ను కరిగిస్తుంది. మరకలు మాయం చేసే మెలమైన్ స్పాంజి నిజానికి సన్నని గరుకు కాగితం లాంటిది, మరకతో పాటు కనుబొమ్మలూ పోతాయి.

పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. జుట్టు రంగు వెలిసేలా చేసే 12 శాతం పెరాక్సైడ్ క్రీము పూసి, ఆరిపోకుండా పల్చటి కవరు చుట్టి, అతినీలలోహిత దీపం కిందో ఎండలోనో కొన్ని గంటలు ఉంచుతారు. పనిచేస్తుంది, కానీ శాశ్వతం కాదు. చీకట్లో దాచినా పసుపు తిరిగొచ్చే అవకాశం ఉంది. క్రీము సమంగా పూయకపోతే పాలరాతి చారలు పడతాయి, అతిగా చేస్తే పైపొర పెళుసవుతుంది, బొమ్మ మీది రంగు వెలిసిపోతుంది. అరుదైన బొమ్మ మీద దీన్ని ప్రయోగించి చెప్పకుండా అమ్మేవాళ్లున్నారు. అది మోసమే.

అర విషయంలో చిన్న లెక్క. 3¾ అంగుళాలంటే సుమారు 1/18 స్కేలు, 6 అంగుళాలంటే 1/12, 12 అంగుళాలంటే 1/6. మూడూ ఒకే అరలో కలిపితే కళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది, చోటూ వృథా. 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల లోతున్న అరలో 6 అంగుళాల బొమ్మలు ఒక్కోదానికి 4 అంగుళాల చోటిస్తే వరుసకు ఏడేసి పడతాయి. వెనుక వరుస కింద 3 అంగుళాల మెట్టు పెడితే ముఖాలు కనిపిస్తాయి. వేసవి వేడికి పీవీసీ చీలమండలు మెత్తబడి బొమ్మ మెల్లగా ఒరుగుతుంది, అది ఇంకోదాన్ని కొడుతుంది, తెల్లారేసరికి అరంతా పడి ఉంటుంది. కాబట్టి స్టాండ్లు వాడండి. కాలి రంధ్రం కొలిచాకే అందులో దిగే పెగ్ (స్టాండ్ పుల్ల) కొనండి, కంపెనీ కంపెనీకీ తేడా. బిగుతుగా కూరితే అరికాలు చీలుతుంది. ఎల్ఈడీ దీపం పెడితే దాని డ్రైవరు (దీపానికి కరెంటు అందించే) పెట్టెను అర బయట ఉంచండి, వేడి అక్కడే పుడుతుంది.

నకిలీల గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమూ లేదు. పాత స్టార్ వార్స్ బొమ్మ కాలి మీద అచ్చుపోసిన 1977 అన్న అంకె హక్కుల సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. అదే అచ్చుతో తర్వాతి ఏళ్లలోనూ పోశారు. 'కాలి మీద 1977 ఉంది కాబట్టి మొదటి విడత' అనే అమ్మకందారుకు ఒకటి, విషయం తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు. మొదట్లో జావా అనే పొట్టి బొమ్మకు వినైల్ (పీవీసీ) కేప్ ఇచ్చి, త్వరలోనే గుడ్డ కేప్‌కు మార్చారు. అందుకే వినైల్ కేప్ ఉన్నది బాగా పలుకుతుంది, అందుకే వేరే బొమ్మ వినైల్ కత్తిరించి తొడిగి అమ్ముతారు. చిన్న తుపాకీ నీళ్లలో తేలితే అసలుదని ఒక పరీక్ష చెబుతారు. ఇప్పటి నకళ్లలో తేలేవీ ఉన్నాయి, అసలువాటిలో మునిగేవీ ఉన్నాయి, ఆ ఒక్కదాన్నే నమ్మకండి. అచ్చు అంచులు పదునుగా ఉన్నాయా, అసలుదాని పక్కన పెడితే నలుపు ఒకేలా ఉందా, మెరుపు ఎక్కువుందా చూడాలి. కొనే ముందు అరికాళ్లు, వీపు, చంకలు, తుపాకీ పట్టే చేతి బొటనవేలు విడివిడిగా ఫొటోలు అడగండి. పగులు దాగేది అక్కడే.

చిన్నపిల్లలున్న ఇళ్లకు ఇది తప్పకుండా అచ్చు వేయండి. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. దగ్గు, చొల్లు, మింగలేకపోవడం కనిపించేదాకా ఆగకుండా అనుమానం రాగానే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత బొమ్మల్లో సెల్ మూతకు స్క్రూ లేనివి ఉంటాయి. 1970, 80ల నాటి ఎరుపు, పసుపు ప్లాస్టిక్‌లో కాడ్మియం, సీసం రంగులు ఉండే అవకాశం ఉంది కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అవి ఇవ్వకూడదు. ఎగిరే క్షిపణుల సంగతి కంపెనీలకే ముందు తెలిసింది. అంతరిక్ష వాహనం బొమ్మ క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక పిల్లవాడు చనిపోయాక, కెన్నర్ 1979లో క్షిపణి ఎగిరేలా ప్రకటించిన బోబా ఫెట్ అనే స్టార్ వార్స్ పాత్ర బొమ్మను చివరికి క్షిపణి కదలకుండా బిగించే పంపింది.

ఒక జాబితా కూడా రాసి పెట్టుకోండి. బొమ్మ పేరు, కాలి మీద అచ్చు, దాంతో రావలసిన సామాను ఎన్ని, ఉన్నవి ఎన్ని, సెల్స్ తీశామా లేదా, ఏ అర. సామానుకు పాలిప్రొపిలీన్ సంచులు వాడండి. కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమనే వినైల్ సంచులు వద్దు. ఆ జాబితా లేకపోతే మీ తర్వాత ఇల్లు సర్దేవాళ్లు తుపాకులన్నీ ఒక డబ్బాలో, బొమ్మలన్నీ ఇంకో డబ్బాలో పోస్తారు. ఏది దేనిదో మళ్లీ కలపడం నెలల పని.

చివరగా, వ్యాసంతో పాటు వేసిన ఫొటో. అందులో అర సరిగ్గా కిటికీకి ఎదురుగా ఉంది, పై వరుసలో తెల్ల కవచం వేసుకున్న బొమ్మలు ఆరు కనిపిస్తున్నాయి. మీ విలేకరి ఆ ఇంటివారికి ఫోన్ చేసి, అందులో ఒకదాన్ని వెనక్కి తిప్పి చూడమనాలి. ఛాతీకీ వీపుకీ రంగు తేడా ఉంటే, అంటే ఎండకు ఛాతీ పసుపెక్కి ఉంటే, ఆ అరను ఈ వారమే గదిలో అవతలి గోడకు జరపాలి.

ఇట్లు,
కొందరు సేకర్తలు